రాత్రి రెండింటికి మెలకువగా ఉన్న అమ్మానాన్నలూ, మీకు ఓపిక ఎక్కడ దొరుకుతోంది?

వానచినుకు (మంగళవారం, రాత్రి 2:07)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మా బాబుకి నాలుగేళ్లు. ఆటిజం అని కాగితం మీద రాసిచ్చి మూడు నెలలైంది. అంతకుముందే నాకు అనుమానం ఉండేది, పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడు కాదు, ఏదైనా కావాలంటే వేలుతో చూపించకుండా నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దాని మీద పెట్టేవాడు, ఏడాదిన్నరకి వచ్చిన నాలుగు మాటలూ ఎటో పోయాయి. అయినా కాగితం చేతికొచ్చాక అది వేరే సంగతి. చదివినవాళ్లకి తెలుసు.

థెరపీల గురించి కాదు నేను అడిగేది. ఆ జాబితా నా దగ్గర ఉంది, తిరుగుతున్నాం. మీరంతా రోజులు ఎలా గడుపుతున్నారు? పొద్దున్నే లేవాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి కదా, అది మీకు ఎక్కడ దొరికింది? నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. ఈ మధ్య దణ్ణం పెట్టుకోవడానికి కూర్చుంటే ఏం అడగాలో తెలియడం లేదు. "వాడికి నయం చెయ్యి" అని అడగబోతే ఎదురుగా వాడు ఫ్యాన్ వంక చూసి నవ్వుతూ ఉంటాడు, అంత సంతోషంగా ఉన్నవాడికి ఏం నయం చెయ్యమని అడగను అనిపిస్తుంది. అడక్కపోతే తల్లిగా నా పని నేను చెయ్యనట్టు ఉంటుంది. పిచ్చిగా ఉంటే క్షమించండి. వాడు ఇప్పుడే పడుకున్నాడు, నాకు నిద్ర రావడం లేదు.

గడియారం నాన్న (మంగళవారం, ఉదయం 6:31)

పిచ్చేం లేదండి. ఇక్కడున్నవాళ్లలో సగం మంది మొదటి పోస్టు రాత్రి రెండు దాటాకే రాశారు, నాది మూడున్నరకి.

మా వాడికి పదకొండు. మొదటి ఏడాది నేను చేసిన పని చెప్తాను, నవ్వుకోండి. ఎక్సెల్ షీట్ పెట్టాను. ఈరోజు ఎన్ని మాటలు అన్నాడు, ఎన్నిసార్లు కళ్లలోకి చూశాడు, ఎంతసేపు ఏడ్చాడు. నెలాఖరుకి గ్రాఫ్ గీసేవాణ్ణి. గీత పైకి వెళ్తే ఆ రాత్రి తిండి సహించేది, కిందికి దిగితే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. ఆశ అంటే అదే అనుకున్నాను అప్పట్లో.

ఒకరోజు వాడు గోడ గడియారం కింద నిలబడి సెకన్ల ముల్లుతో పాటు తల తిప్పుతున్నాడు, నేను పక్కన కూర్చుని షీట్ నింపుతున్నాను. మా ఆవిడ ల్యాప్‌టాప్ మూసేసి, "పోయి వాడి పక్కన నిలబడు" అంది. నిలబడ్డాను. ఏం చెయ్యాలో తోచక నేనూ తల తిప్పడం మొదలుపెట్టాను. రెండు మూడు నిమిషాలకి మెడ పట్టేసి ఆపేశాను. వాడు నా గడ్డం పట్టుకుని మళ్లీ తిప్పాడు. అంతే. అది మా ఇద్దరికీ మొదటి ఆట. మా వాడి థెరపిస్టుకి చెప్తే "మేం మీకు నేర్పాలనుకుంటున్నది అదే" అన్నారు, పిల్లాడి ధ్యాస ఎటు ఉంటే మనమూ అటు వెళ్లి కూర్చోవడం. ఆ తర్వాత షీట్ డిలీట్ చేశాను అని రాస్తే బాగుండేది, కానీ చెయ్యలేదు, ఇంకో ఎనిమిది నెలలు నింపాను. మెల్లగా మర్చిపోయాను.

పాతకాపు (మంగళవారం, ఉదయం 9:50)

అమ్మాయ్ వానచినుకూ, మా అమ్మాయికి ఇరవై రెండు. మాట రాలేదు. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇలాంటి చోట "ఇప్పుడు గలగలా మాట్లాడుతోంది" అని ముగించేవాళ్లే ఎక్కువ రాస్తారు, రానివాళ్ల తల్లులు చదివి ఊరుకుంటారు.

పదేళ్లు నేను దేవుణ్ణి ఒకటే అడిగాను, ఒక్కసారి దీని చేత "అమ్మా" అనిపించు అని. పదకొండో ఏట ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడడం నేర్చుకుంది. మొదటి వారం ఏం నొక్కిందో తెలుసా? "వద్దు". రోజుకి నలభై సార్లు వద్దు. అన్నేళ్లూ లోపల దాచుకున్న వద్దులన్నీ బయటికొచ్చాయి. ఆ దువ్వెన వద్దు, ఆ గది వద్దు, ఆ టీచర్ వద్దు. ఆ టీచర్ ఎందుకు వద్దో తర్వాత తెలిసి రెండు రోజులు ఏడ్చాను, ఆ సంగతి ఇక్కడ రాయలేను. నేను "అమ్మా" కోసం కాచుకుని కూర్చున్నాను, దానికేమో "వద్దు" అవసరం. దేవుడు నా మొర వినలేదని చాలా ఏళ్లు అలిగాను. విన్నాడేమో, నేను అడిగింది తప్పేమో, నాకిప్పటికీ తేలలేదు.

ఇంకోటి. నీ వల్లే అని ఎవరో ఒకరు అంటారు, కాచుకో. మా అత్తగారు నేను ఉద్యోగం మానలేదు కాబట్టే ఇలా అయిందన్నారు. ఆవిణ్ణి ఏమనుకుంటాం, పెద్ద పెద్ద డాక్టర్లే ఆ మాటన్నారు. తల్లి ప్రేమ చూపించక, మంచుగడ్డలా ఉండబట్టే పిల్లలు ఇలా అవుతారని 1940ల నుంచి 60ల దాకా చెప్పారు, బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన దాన్ని ఊరూరా ప్రచారం చేశాడు. దాన్ని 1964లో గట్టిగా ఖండించింది బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన కొడుక్కీ ఆటిజమే. 1977లో కవల పిల్లల మీద అధ్యయనం వచ్చాక జన్యువుల పాత్ర బయటపడింది. ఇదంతా బట్టీ పట్టి పెట్టుకున్నాను, చుట్టాలింట్లో పనికొస్తుందని. ఎప్పుడూ చెప్పలేదనుకో, గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. కానీ లోపల ఉంటే ఒక ధైర్యం.

ఆశాకిరణం (మంగళవారం, మధ్యాహ్నం 12:15)

సిస్టర్ మీరు నెగెటివ్ మాటలు వినకండి. ఆటిజం పూర్తిగా నయం అవుతుంది, మా బంధువుల బాబుకి ఆరు నెలల్లో పోయింది. టీకాల వల్ల ఒంట్లో చేరిన లోహాలు బయటికి తీసేసే ట్రీట్‌మెంట్ ఉంది, డాక్టర్లు చెప్పరు. ముందు మీకు నమ్మకం ఉండాలి, నమ్మకం లేనివాళ్లకి పనిచెయ్యదు. వివరాలకి ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి [నంబర్ తొలగించాం]

నిర్వాహకులు (మంగళవారం, మధ్యాహ్నం 12:40)

ఫోన్ నంబర్లు, మందుల అమ్మకాలు ఇక్కడ వద్దని నియమాల్లో ఉంది. పోస్టు ఉంచుతున్నాం, జవాబులు చదివేవాళ్లకి పనికొస్తాయి కాబట్టి.

లెక్కల మాస్టారు (మంగళవారం, మధ్యాహ్నం 1:22)

ఉంచడం మంచిదైంది. "నమ్మకం లేనివాళ్లకి పనిచెయ్యదు" అన్న ముక్క చూడండి, ఎంత తెలివో. పనిచేస్తే మందు గొప్ప, చెయ్యకపోతే తల్లిది తప్పు. నేను దేవుణ్ణి నమ్మను, నమ్మేవాళ్లతో పేచీ లేదు, కానీ నమ్మకాన్ని ఇలా తల్లి మెడకి చుట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఒక కథ చెప్తాను. 1998 ప్రాంతంలో సెక్రెటిన్ అనే హార్మోను పేరు మోగిపోయింది. జీర్ణానికి సంబంధించినది. పొట్ట పరీక్ష కోసం అది ఇచ్చాక ఒక బాబుకి మాటలు పెరిగాయని వార్త, దాంతో ఎక్కడెక్కడి తల్లిదండ్రులో దాని వెంట పడ్డారు. 1999లో 60 మంది పిల్లల్ని తీసుకుని పరీక్షించారు, సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు, ఎవరికి ఏది ఇచ్చారో ఇంట్లోవాళ్లకి తెలియదు. రెండు గుంపుల్లోనూ కొందరు పిల్లలు మెరుగయ్యారు, మందుకీ ఉప్పునీళ్లకీ తేడా కనబడలేదు. అసలు విషయం ఇది కాదు. ఫలితం చెప్పాక కూడా ఆ తల్లిదండ్రుల్లో 69 శాతం మంది, మాకు ఆ మందు మీద ఇంకా ఆసక్తి ఉందన్నారు.

నేను ఆ 69 శాతంలో ఉండేవాణ్ణే, అందుకే నవ్వను. మా పాపకి నాలుగేళ్లప్పుడు నేను కొన్న పొడులతో ఒక అలమారా నిండింది. పిల్లలు ఎదుగుతారండీ, ఆటిజం ఉన్న పిల్లలూ ఎదుగుతారు, వాళ్ల వేగంతో. ఆ ఎదుగుదల ఏ పొడి వాడుతున్న నెలలో జరిగితే ఆ పొడి ఖాతాలో పడిపోతుంది. పాపం పిల్ల కష్టపడి నేర్చుకున్నదాని పేరు డబ్బాకి వెళ్లిపోతుంది.

ఇక లోహాలు తీసే ట్రీట్‌మెంట్. కీలేషన్ అంటారు. సీసం విషం ఎక్కినవాళ్లకి వాడే పద్ధతి, ఆటిజానికి కాదు. 2005లో అమెరికాలో అయిదేళ్ల బాబు అది చేయిస్తుండగా చనిపోయాడు, ఒంట్లో కాల్షియం పడిపోయి. టీకాల సంగతి, ఎంఎంఆర్ టీకాకీ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) ఆటిజానికీ సంబంధం ఉండచ్చంటూ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనని 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల రికార్డులు చూశారు, ఎంఎంఆర్ టీకా వేసినవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు. ఆశాకిరణం గారూ, మీది మంచి మనసే అయ్యుండచ్చు. ఆ నంబర్ మాత్రం ఇంకెవరికీ ఇవ్వకండి.

తూనీగ (మంగళవారం, రాత్రి 8:03)

నేను తల్లిని కాదు. ఆటిజం ఉన్న మనిషిని. 34 ఏళ్లు, తెలిసింది 31లో. ఇలాంటి చర్చల్లో సాధారణంగా రాయను, రాస్తే "నీకు మాటలొచ్చు కదా, నీకేం తెలుసు" అంటారు. అయినా ఫ్యాన్ గురించి రాశారు కాబట్టి ఆగలేకపోయాను.

స్విచ్ వేసిన కొత్తలో రెక్కలు మూడూ విడివిడిగా కనబడతాయి. వేగం పెరిగేకొద్దీ ఒక దశలో రెక్కలు పోయి గుండ్రటి నీడలాంటిది వస్తుంది. కొన్నిసార్లు ఆ నీడ వెనక్కి తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ క్షణం దగ్గర నాకు చిన్నప్పుడు ఒళ్లంతా నవ్వొచ్చేది. ఇంట్లో మిగతావన్నీ ఎప్పుడు ఏం చేస్తాయో తెలియదు, కుక్కర్ ఎప్పుడు అరుస్తుందో, ఎవరు ఎప్పుడు ముట్టుకుంటారో. ఫ్యాన్ మోసం చెయ్యదు. మీ వాడు ఎందుకు నవ్వుతున్నాడో నాకు తెలియదు, నాకెందుకు నవ్వొచ్చేదో చెప్తున్నాను అంతే.

మాకు ఎదుటివాళ్ల మనసు అర్థం కాదని చెప్తూ వచ్చారు చాలా కాలం. 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆయన, ఆయనకీ ఆటిజమే, ఇది రెండువైపుల సమస్య అన్నాడు. మేం మిమ్మల్ని అర్థం చేసుకోలేకపోవడం ఎంత ఉందో మీరు మమ్మల్ని అర్థం చేసుకోలేకపోవడమూ అంతే ఉందని. 2020లో ఒక పరిశోధన జరిగింది, ఒకరికి కథ చెప్పి, వాళ్లు పక్కవాళ్లకి, వాళ్లు ఇంకొకరికి, అలా ఎనిమిది మంది దాకా. అందరూ ఆటిజం ఉన్నవాళ్లయితే కథ బాగానే చేరింది, అందరూ లేనివాళ్లయినా బాగానే చేరింది. కలిపి కూర్చోబెట్టిన చోట కథ ఇంకా ఎక్కువగా దారిలోనే పోయింది. నేను అది చదివి ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాను.

మీరు ఆశ అన్నప్పుడు దేని మీద ఆశ అని అడగాలనిపిస్తుంది. మా అమ్మ ఆశ అంతా నేను "మామూలుగా" కనబడతానని. కనబడ్డాను. ఇరవై ఏళ్లు అందరి కళ్లలోకీ చూశాను, ఎదుటి మనిషి మాట ఒక్కటీ బుర్రకి ఎక్కేది కాదు, చూడ్డానికే శక్తంతా అయిపోయేది. అమ్మ సంతోషించింది. నాకు ఇరవై ఎనిమిదో ఏట ఒళ్లు, బుర్ర రెండూ మొరాయించాయి, ఏడాది మంచం దిగలేదు. 1993లో టొరంటోలో జరిగిన సదస్సులో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం ఉన్న వ్యక్తి తల్లిదండ్రులతో అన్న మాట ఒకటుంది, నా మాటల్లో చెప్తాను, మీరు ఏడుస్తున్నది మీరు ఊహించుకున్న పిల్లాడి కోసం, ఆ ఏడుపు మా మీద పొయ్యకండి, మేం ఇక్కడే ఉన్నాం అని.

నిద్ర బాకీ (మంగళవారం, రాత్రి 11:48)

తూనీగ గారూ, మీ మీద కోపం లేదు. కానీ చదువుతుంటే కడుపు రగిలింది, రాసేస్తున్నాను.

మా వాడికి పద్నాలుగు. నాకంటే ఎత్తు, నాకంటే బరువు. రెండు నెలలుగా తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. ఆపబోతే కొరుకుతాడు, కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ సరిగా వంగదు. మొన్న ఆదివారం మా ఆయన ఊళ్లో లేరు, నేను బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుని నీళ్ల చప్పుడు వినబడేలా కొళాయి తిప్పి కూర్చున్నాను, అయిదు నిమిషాలు. బయట వాడు తలుపు కొడుతున్నాడు. ఇక్కడ నేను ఎవరి కోసం ఏడవాలి? ఊహించుకున్న పిల్లాడి కోసం కాదు, వాడు ఎలా ఉండేవాడో ఎప్పుడో మర్చిపోయాను. ఈ పిల్లాడి నుదుటి మీద బొప్పి కోసమే.

నాకు ప్రేరణ అక్కర్లేదు. వారంలో రెండు గంటలు ఎవరైనా వాణ్ణి చూసుకుంటే పడుకుంటాను. "ప్రత్యేకమైన తల్లులకే దేవుడు ప్రత్యేకమైన పిల్లల్ని ఇస్తాడు" అని ఇంకోసారి ఎవరైనా నాతో అంటే, అంత నమ్మకం ఉంటే ఈ శనివారం మీ ఇంట్లో ఉంచుకోండి అని చెప్పాలనుకుంటున్నాను.

తూనీగ (బుధవారం, ఉదయం 5:20)

నిద్ర బాకీ గారూ, క్షమించండి. నేను రాసింది మీకు రాసింది కాదు, కానీ మీరూ చదువుతారని ఆలోచించాల్సింది.

ఒక్కటి అడగనా. రెండు నెలలుగా అన్నారు. అంతకుముందు లేదా? కొత్తగా మొదలైతే, లేదా ఉన్నట్టుండి పెరిగితే, ఎక్కడైనా నొప్పేమో చూపించారా? నాకు మాటలొచ్చి కూడా నొప్పి ఎక్కడుందో చెప్పలేను. పన్ను పుచ్చి చీము పట్టేదాకా, "ఈ మధ్య కోపం ఎక్కువవుతోంది" అనుకుంటూ తిరిగాను.

పాతకాపు (బుధవారం, ఉదయం 7:15)

అదే రాయబోతున్నా. మా దానికి చెవి. మూడు వారాలు ప్రవర్తన ప్రవర్తన అన్నారు అందరూ, నేనూ అన్నాను. పళ్లు, చెవులు, మలబద్ధకం, కడుపులో మంట, ఇవి నాలుగూ ముందు చూపించు తల్లీ. ఈ వయసులో ఫిట్స్ కూడా మొదలవచ్చు, మన పిల్లల్లో మిగతావాళ్లకంటే ఎక్కువ, ఉన్నట్టుండి గుడ్లప్పగించి ఆగిపోవడం లాంటివి కనబడుతున్నాయేమో గమనించి డాక్టరుకి చెప్పు. ఏ పూట ఎంతసేపు కొట్టుకుంటున్నాడో ఫోన్‌లో వీడియో తియ్యి. నోటితో చెప్తే "అలాగే ఉంటారమ్మా" అంటారు, వీడియో చూస్తే కుర్చీలో ముందుకి జరుగుతారు.

బాత్‌రూమ్‌లో అయిదు నిమిషాలు నేనూ కూర్చున్నాను. తప్పు చేశానని అనుకోకు.

మాటలమూట (బుధవారం, మధ్యాహ్నం 2:30)

నేను స్పీచ్ థెరపిస్టుని, పదమూడేళ్లుగా. ఓపిక గురించి నాకు చెప్పే అర్హత లేదు, సాయంత్రం ఆరుకి నేను ఇంటికి వెళ్లిపోతాను, మీరు వెళ్లలేరు. మాట గురించి మాత్రం రెండు ముక్కలు.

నాలుగేళ్లకి మాట రాకపోతే ఇక రాదు అని కొందరు అనేస్తారు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, నాలుగేళ్లకి మాటలు సరిగా రాని 535 మంది పిల్లల్ని చూశారు. ఎనిమిదేళ్లు నిండాక చూస్తే 70 శాతం మందికి చిన్న చిన్న పదబంధాలైనా వచ్చాయి, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడారు. పాతకాపు గారి అమ్మాయి మిగిలిన 30 శాతం లాంటిది. రెండూ నిజమే, రెండింటికీ సిద్ధంగా ఉండాలి. సిద్ధంగా ఉండడమంటే నోటి మాట కోసం ఆగకుండా బొమ్మల కార్డులో ట్యాబో ఇప్పుడే మొదలుపెట్టడం. "అవి అలవాటైతే నోరు తెరవడు" అని దాదాపు ప్రతి తండ్రీ అంటాడు (తల్లులు తక్కువ, ఎందుకో). 2006లో పాత అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి చూస్తే గట్టి ఆధారాలున్నవి 27 మందివి మిగిలాయి, వాళ్లలో ఒక్కరికీ మాట తగ్గలేదు, 89 శాతం మందికి పెరిగింది.

పాతకాపు గారూ, మీ "వద్దు" సంగతి చదివాక నేను ఈ వారం నా దగ్గరికొచ్చే పిల్లలందరి బొమ్మల బోర్డుల్లోనూ చూసుకున్నాను. ముగ్గురి దాంట్లో "వద్దు" లేదు. నేనే పెట్టలేదు. "ఇంకా", "కావాలి", "థాంక్యూ" ఉన్నాయి.

అమ్మమ్మ (బుధవారం, సాయంత్రం 5:05)

నాకు టైపు చెయ్యడం సరిగా రాదు, మనవరాలు కొడుతోంది. మా మనవడికి ఆరేళ్లు. వాడికి ఆటిజం అని తెలిసినప్పుడు మా అమ్మాయితో నేనే అన్నాను, ఏ జన్మలో ఏం చేసుకున్నామో అని. ఓదార్పు అనుకునే అన్నాను. అమ్మాయి ఏమీ అనలేదు. ఆ తర్వాత నుంచి వాడి గురించి నాకు ఏదీ చెప్పడం మానేసింది. రెండేళ్లు. ఇక్కడ ఎవరింట్లో అయినా నాలాంటి పెద్దవాళ్లు ఆ మాట అనబోతుంటే ఆపండి.

చిన్నోడు (బుధవారం, రాత్రి 10:12)

మా అన్నకి ఆటిజం, నాకు 19. మా అమ్మ ఇక్కడ ఉందేమో తెలీదు, ఉంటే ఉండనీ.

అందరూ నన్ను చూసి "నువ్వే వాడి ధైర్యం" అంటారు. నేను ఏడో క్లాసులో ఉన్నప్పటి నుంచీ అంటున్నారు. మా అన్నంటే నాకు ఇష్టం, వాడు రైళ్ల నంబర్లు చెప్తుంటే నేను స్టేషన్ అనౌన్స్‌మెంట్ గొంతు పెడతాను, అది మా ఇద్దరి పిచ్చి. కానీ నాకు కూడా స్కూల్లో మ్యాచ్‌లు ఉండేవి, ఒక్కదానికి కూడా ఇద్దరూ కలిసి రాలేదు, ఒకరు వస్తే ఒకరు అన్న దగ్గర. అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకునే పిల్లాడని మెచ్చుకున్నారు. మీ ఇంట్లో ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే వాళ్లని మెచ్చుకోవడం తగ్గించి ఒకసారి వాళ్లతో ఊరికే బయటికెళ్లండి. మీ తర్వాత అన్నని ఎవరు చూసుకుంటారు అనే మాట నాతో కూర్చుని మాట్లాడండి, నాకు వినబడేలా పక్కగదిలో కాదు.

వానచినుకు (గురువారం, రాత్రి 1:40)

అన్నీ రెండుసార్లు చదివాను. నిద్ర బాకీ అక్కా, మీ పోస్టు నాలుగుసార్లు. భయమేసింది, కానీ దాచకుండా రాసినందుకు థాంక్స్, నాకు అందరూ ఐన్‌స్టీన్ పేరే చెప్తున్నారు. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ. మా వాడు ఐన్‌స్టీన్ అవ్వాల్సిన అవసరం నాకు లేదు, పోనీ అవ్వకపోతే నేను ఎవర్ని ఊహించుకోవాలి? మామూలుగా బతికినవాళ్లు ఎవరూ లేరా?

తూనీగ గారూ, నిన్న ఫ్యాన్ స్విచ్ వేసి వాడి పక్కన నేల మీద పడుకున్నాను. వెనక్కి తిరిగినట్టు నాకూ కనబడింది. దణ్ణం పెట్టుకునేటప్పుడు ఇవాళ "వాడు చెప్పేది నాకు అర్థమయ్యేలా చెయ్యి" అని అడిగాను. రేపు మళ్లీ నయం చెయ్యమనే అడుగుతానేమో, ఏమో.

గడియారం నాన్న (గురువారం, ఉదయం 6:48)

ఐన్‌స్టీన్‌కి ఆటిజం ఉందని ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు, ఆయన పోయాక జనం తగిలించినది. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆవిడకి ఆటిజం ఉన్నది నిజమే, మూడున్నరేళ్ల దాకా మాట రాలేదు, తర్వాత ప్రొఫెసర్ అయ్యారు. కానీ మీరడిగింది మామూలు మనిషిని. ఉన్నాడండి. అసలు మొదటివాడే ఆయన.

1943లో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం ఈ రూపంలో లోకానికి తెలిసింది. అందులో మొదటి పిల్లాడు డొనాల్డ్ ట్రిప్లెట్, అమెరికాలో మిసిసిపీలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరు. గుండ్రటి వస్తువులు గిరగిరా తిప్పడం ఆయనకి ప్రాణం, మన వాళ్లలాగే. మూడేళ్లప్పుడు డాక్టర్లు చెప్పారని ఒక సంస్థలో వదిలేశారు. ఏడాది కాగానే తల్లిదండ్రులు, వద్దన్నా వినకుండా, వెనక్కి తెచ్చుకున్నారు. వాళ్ల నాన్న కొడుకు గురించి డాక్టరుకి 33 పేజీల ఉత్తరం రాశాడు. (33 పేజీలు! నా ఎక్సెల్ షీట్ గుర్తొచ్చి సిగ్గు కాస్త తగ్గింది.)

ఆ తర్వాత ఏమయ్యాడంటే, ఏమీ కాలేదు. కాలేజీ చదివాడు, ఊళ్లో బ్యాంకులో పనిచేశాడు. 27వ ఏట కారు నడపడం నేర్చుకున్నాడు. రోజూ గోల్ఫ్ ఆడేవాడు, ఒక్కడే దేశాలు తిరిగొచ్చేవాడు. స్నేహితులకి నంబర్లు ఇచ్చి ఆ నంబర్లతో పిలిచేవాడు. 2023లో 89 ఏళ్లకి పోయాడు. ఇంట్లో డబ్బుంది, బ్యాంకు వాళ్ల కుటుంబానిదే, అది పెద్ద సాయం, దాచక్కర్లేదు. కానీ నాకు అందులో అన్నిటికంటే నచ్చేది ఊరు. ఊరు ఆయన్ని ఆయనలాగే ఉండనిచ్చింది. నేను ఇప్పుడు మా వాడి మీద పెట్టే టైములో కొంత మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మీద, కింద కొట్టు అబ్బాయి మీద పెడుతున్నాను, వాడు టైము ఎంతైందని అడిగితే విసుక్కోకుండా చెప్పమని.

నిద్ర బాకీ (శనివారం, మధ్యాహ్నం 3:33)

వెనక దంతం. రెండు వైపులా. మత్తు ఇచ్చి చూడాల్సి వచ్చింది, డెంటిస్టు చాలా ఓపికమంతుడు, మూడుసార్లు ఊరికే కుర్చీ ఎక్కించి దింపాడు. ఒకటి తీసేశారు, ఇంకోటి వచ్చే వారం. తల కొట్టుకోవడం పూర్తిగా ఆగలేదు, నిన్న రెండుసార్లే. రెండు నెలలు నేను వాడి మీద అరిచాను. ఆ సంగతి తర్వాత ఆలోచిస్తాను, ఇప్పుడు వాడు పడుకున్నాడు, మా చెల్లెలు వచ్చి కూర్చుంది, నేనూ పడుకుంటున్నాను.

పాతకాపు (శనివారం, మధ్యాహ్నం 3:50)

పడుకో. ఎవరూ దీనికి జవాబులు రాయకండి, ఫోన్ మోగుతుంది దానికి.

వానచినుకు (ఆదివారం, రాత్రి 2:15)

మాటలమూట గారూ, కార్డులు మొదలుపెట్టాం. ఫ్యాన్ బొమ్మ, నీళ్ల బొమ్మ, "వద్దు" బొమ్మ. మొదటి రోజు ఫ్యాన్ కార్డు నా చేతిలో పెట్టించి వెంటనే స్విచ్ వేశాను. రెండో రోజు కూడా నేనే పెట్టించాను. ఇవాళ మూడు కార్డులూ నమిలేశాడు, "వద్దు" అయితే సగం లేదు. లామినేషన్ కూడా ఆగలేదు. దేనితో చేస్తే ఆగుతుందో ఎవరైనా చెప్పండి.

గడియారం నాన్న (ఆదివారం, ఉదయం 6:20)

మందం ప్లాస్టిక్ ఫైల్ కవరు కత్తిరించి, దాని మీద బొమ్మ అంటించి, అంచులు గుండ్రంగా కోయండి, లేకపోతే పెదవి తెగుతుంది. "వద్దు" మాత్రం ఒకేసారి పది చేసి పెట్టుకోండి.